అమెరికాలో పైలట్ చదువు: విమానయాన డిగ్రీయా, దగ్గరి ఫ్లయింగ్ స్కూలా?

ప్రశ్న: నమస్కారమండీ. మేము డల్లాస్‌లో ఉంటున్నాము. మాకు అమెరికా పౌరసత్వం ఉంది. వచ్చే ఏడాది హైస్కూలు పూర్తిచేయబోతున్న మా అమ్మాయి ఎయిర్‌లైన్ పైలట్ కావాలనుకుంటోంది. ఎంబ్రీ-రిడిల్, నార్త్ డకోటా విశ్వవిద్యాలయం వంటి చోట్ల విమానయాన డిగ్రీలో చేర్పించాలా, లేక కంప్యూటర్ సైన్సు చదివిస్తూ దగ్గరలోని ఫ్లయింగ్ స్కూలులో నేర్పించాలా అన్నది తేలడం లేదు. డెల్టా సంస్థ 2022లో డిగ్రీ తప్పనిసరి అన్న నిబంధనను తీసివేసింది కదా, అంత ఖర్చు దేనికని బంధువులు అంటున్నారు.

సమాధానం: కళాశాల సంగతి చూసే ముందు అమ్మాయికి ఫస్ట్ క్లాస్ మెడికల్ (ఎయిర్‌లైన్ పైలట్లకు కావలసిన వైద్య ధ్రువపత్రం) చేయించండి. ఏకాగ్రత లోపానికి గాని, ఆందోళనకు గాని చిన్నప్పుడు మందులు వాడి ఉంటే, దరఖాస్తు పంపకముందే ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉన్న వైద్యునితో మాట్లాడండి. అలాంటి కేసుల్లో అదనపు పరీక్షలకు నెలలు పట్టవచ్చు. మన ఇళ్లలో ఇలాంటివి బయటికి చెప్పుకోరు గాని, ఆ దరఖాస్తులో దాచిపెట్టడం చట్టరీత్యా నేరం.

ఇక డిగ్రీ మాట. 2009లో బఫలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది మరణించిన తరువాత వచ్చిన చట్టం వల్ల, 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో కోపైలట్‌కు కూడా సాధారణంగా 1,500 గంటలు విమానం నడిపిన అనుభవం కావాలి. ఎఫ్‌ఏఏ అనుమతి పొందిన కళాశాలలో నిర్ణీత విమానయాన క్రెడిట్లతో నాలుగేళ్ల డిగ్రీ చేసినవారికి 1,000 గంటలు చాలు, వయసు 21 నిండితే సరిపోతుంది. చదువు ముగిశాక ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తూ గంటలు పోగుచేసుకునేవారికి ఆ 500 గంటల తేడా ఏడాది వరకు సమయాన్ని ఆదా చేయగలదు. ఎయిర్‌లైన్లలో రూటూ, సెలవులూ, కెప్టెన్ పదవీ సీనియారిటీని బట్టే వస్తాయి కనుక ఆ సమయం చిన్నది కాదు.

అయితే చాలామందికి తెలియని షరతు ఒకటుంది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించనప్పుడు పరికరాలను చూసి విమానం నడిపే అర్హత), కమర్షియల్ లైసెన్సు (డబ్బు తీసుకుని విమానం నడపడానికి కావలసినది) ఆ కళాశాల పార్ట్ 141 పాఠ్యక్రమంలో, అంటే ఎఫ్‌ఏఏ ఆమోదించిన పాఠ్యక్రమంలో భాగంగానే, అక్కడ గాని, దానితో ఒప్పందం ఉన్న స్కూలులో గాని పూర్తిచేయాలి. ఖర్చు తగ్గుతుందని వేసవిలో ఇంటికి వచ్చి వాటిని పార్ట్ 61 స్కూలులో (అలాంటి ఆమోదిత పాఠ్యక్రమం లేకుండా నేర్పేచోట) ముగిస్తే, డిగ్రీ చేతికి వచ్చినా 1,000 గంటల వెసులుబాటు పోతుంది. మొదటి మెట్టయిన ప్రైవేట్ పైలట్ లైసెన్సు మాత్రం ముందే డల్లాస్‌లో తీసుకోవచ్చు; అమ్మాయికి ఈ పని నిజంగా నచ్చుతుందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. దానిని ఏ మేరకు లెక్కలోకి తీసుకుంటారో కళాశాలను ముందే అడగండి.

ఫ్లయింగ్ ఫీజు ట్యూషన్‌కు అదనం. కరపత్రంలో వేసే మొత్తం తరచుగా కనీస గంటలకు లెక్కగట్టినది. ఎక్కువమందికి అంతకు మించే పడుతుంది. అందువల్ల అడ్మిషన్ల కార్యాలయం మాటతో సరిపెట్టుకోకుండా రెండో ఏడాది విద్యార్థులతో మాట్లాడి, వారానికి ఎన్నిసార్లు విమానం ఎక్కుతున్నారో, ఇన్‌స్ట్రక్టర్ ఎన్నిసార్లు మారాడో, చెక్‌రైడ్ (లైసెన్సుకు పెట్టే ఫ్లయింగ్ పరీక్ష) కోసం ఎన్ని వారాలు ఎదురుచూశారో కనుక్కోండి. నా దృష్టిలో విమానాలు ఎంత కొత్తవన్న దానికంటే ఈ జవాబులే ముఖ్యం, ఎందుకంటే పాఠాల మధ్య ఎడం పెరిగితే నేర్చినది మరిచిపోయి మళ్లీ డబ్బు కట్టాల్సి వస్తుంది. వాతావరణం సంగతీ చూసుకోండి: నార్త్ డకోటా విశ్వవిద్యాలయం ఉన్న గ్రాండ్ ఫోర్క్స్‌లో చలికాలం తీవ్రం, ఎంబ్రీ-రిడిల్ ఉన్న డేటోనా బీచ్‌లో వేసవి మధ్యాహ్నాలు ఉరుముల వానలతో పాఠాలు రద్దవుతుంటాయి.

కంప్యూటర్ సైన్సు దారి తప్పేమీ కాదు. ఏ కారణంగానైనా మెడికల్ పోతే ఆ డిగ్రీ అన్నం పెడుతుంది. మెడికల్ ఏ ఇబ్బందీ లేకుండా వచ్చి, అమ్మాయి పట్టుదల మీద మీకు నమ్మకముంటే మాత్రం నేను విమానయాన డిగ్రీ వైపే మొగ్గుతాను.

మరొకరి ప్రశ్న: మా అబ్బాయి హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగి కుటుంబసభ్యులకు ఇచ్చేది) మీద ఉన్నాడండీ. ఇదే దారి అతనికి పనికివస్తుందా?

సమాధానం: నేర్చుకోవచ్చు గాని, పౌరులు కానివారు శిక్షణ మొదలుపెట్టే ముందు టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి పొందాలి. అసలు చిక్కు తరువాత వస్తుంది. హెచ్-4 మీద జీతానికి ఇన్‌స్ట్రక్టర్‌గా చేరడం కుదరదు, 21 ఏళ్లకు ఆ హోదా కూడా పోతుంది. ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారితే డిగ్రీ తరువాత ఓపీటీ (చదువు ముగిసినవారికి ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) కింద సుమారు ఏడాదిపాటు పనిచేయవచ్చు. ఆ గడువులో గంటలు పూర్తికాకపోతే భారతదేశానికి వెళ్లి లైసెన్సును డీజీసీఏ (భారత విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్సుగా మార్చుకోవాల్సి రావచ్చు. దానికి అక్కడి రాతపరీక్షలు, వైద్య పరీక్షలు మళ్లీ ఉంటాయి. కాబట్టి మీరు డబ్బు కట్టే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించండి.