నౌరు వెయిట్‌లిఫ్టర్ పతకాలు పన్నెండా, నాలుగా? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారం అండీ. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. కరణం మల్లేశ్వరి గారి పుణ్యమా అని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా బార్, ప్లేట్లు, స్నాచ్ (బార్‌ని ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) అంటే తెలుసు. మా లైబ్రరీలో పిల్లల కోసం ‘చిన్న దేశాలు, పెద్ద పతకాలు’ అని చార్టు రాస్తున్నాను. నౌరు దగ్గర ఆగిపోయాను.

పసిఫిక్‌లో 21 చదరపు కిలోమీటర్ల దీవి అది. అక్కడి మార్కస్ స్టీఫెన్ 1990లో ఆక్లాండ్ కామన్వెల్త్ క్రీడల్లో స్నాచ్‌లో స్వర్ణం కొట్టాడు. 2002 వరకు నాలుగుసార్లు జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో కలిపి మొత్తం 7 స్వర్ణాలు, 5 రజతాలు. (తర్వాత దేశాధ్యక్షుడు కూడా అయ్యాడు, అది వేరే కథ.)

చిక్కంతా ఇక్కడే. అప్పట్లో కామన్వెల్త్‌లో స్నాచ్‌కి ఒకటి, క్లీన్ అండ్ జెర్క్‌కి (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి ఎత్తడం) ఒకటి, రెండూ కలిపిన బరువుకి ఇంకొకటి, ఇలా మూడు పతకాలు ఇచ్చేవారు. ఒలింపిక్స్‌లో అలా కాదు. 2000లో సిడ్నీలో మల్లేశ్వరి గారు స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130 ఎత్తితే, మొత్తం 240 కిలోలకి వచ్చింది ఒక్క కాంస్యమే. చార్టులో ఇద్దరినీ పక్కపక్కన పెడితే పిల్లలు “ఆయనకి పన్నెండు, మన ఆవిడకి ఒకటేనా?” అని మొహం ముడుచుకుంటున్నారు.

స్టీఫెన్‌కి పన్నెండు అనే రాయాలా, నాలుగుసార్లు కామన్వెల్త్ క్రీడల్లో గెలిచాడని రాయాలా? వెయిట్‌లిఫ్టింగ్ కోచ్‌లు, రిఫరీలు ఎవరైనా ఉంటే ఇంకోటి చెప్పండి: అలా మూడేసి పతకాలు ఇవ్వడం ఎందుకు మానేశారు? చార్టు ఆదివారం గోడకి అంటించాలి, స్కెచ్ పెన్నుతో రాశాక దిద్దడం కుదరదు.