రికెన్‌బ్యాకర్ గిటార్లు: తొలినాటి అల్యూమినియం వాద్యానికీ 1960ల నమూనాలకూ సంబంధం ఉన్నదా?

ప్రశ్న: తంత్రీప్రియ

ఎలక్ట్రిక్ గిటారు చరిత్రలో రికెన్‌బ్యాకర్ పేరు ఒకదానికొకటి పొంతన లేని రెండు చోట్ల ఎదురవుతుంది. మొదటిది 1932లో లాస్ ఏంజిలస్‌లో అమ్మకానికి వచ్చిన అల్యూమినియం వాద్యం. గుండ్రని చిన్న బాడీ, పొడవాటి నెక్ ఉండటంతో దానికి 'ఫ్రయింగ్ పాన్' అన్న పేరు పడింది. దాన్ని ఒళ్లో పెట్టుకొని ఉక్కు కడ్డీతో వాయించేవారు. రెండవది 1960లలో బీటిల్స్, బర్డ్స్ బృందాల చేతుల్లో కనిపించిన, నెలవంకలా వంపు తిరిగిన కొమ్ముల చెక్క గిటారు. ఈ రెండింటి మధ్య పేరు తప్ప నిర్మాణపరమైన వారసత్వం ఏదైనా ఉన్నదా, లేక యజమాని మారాక పాత పేరు మాత్రమే మిగిలి లోపలంతా కొత్తదైపోయిందా? పన్నెండు తీగల నమూనాకు ఉన్న ఆ ప్రత్యేకమైన మోత పికప్పుల (తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగాల) వల్లనా, చెక్క వల్లనా అన్నది కూడా తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: పాతవాద్యం

వారసత్వం ఉన్నది. అయితే దాన్ని బాడీ ఆకారంలో వెతికితే దొరకదు, అయస్కాంతంలో వెతకాలి.

సంస్థకు పేరిచ్చినవారు స్విట్జర్లాండులో పుట్టిన అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ అయినా, ఆ వాద్యానికి మూలమైన ఆలోచన జార్జ్ బీచమ్‌ది. బీచమ్ అంతకుముందు నేషనల్ అనే సంస్థలో లోహపు రెజొనేటర్ గిటార్ల (లోపలి లోహపు శంకువులతో మోతను పెంచే గిటార్ల) వ్యాపారంలో ఉండేవారు. ఆ గిటార్ల లోహపు బాడీలను తయారుచేసి ఇచ్చినది రికెన్‌బ్యాకర్ పనిముట్ల కర్మాగారమే. బృందంలో గిటారు వినిపించకపోవడమే ఆనాటి అసలు సమస్య. రెజొనేటర్ దానికి యాంత్రికమైన పరిష్కారం చూపగా, బీచమ్ తీగ కంపనాన్నే నేరుగా విద్యుత్తుగా మార్చాలనుకున్నారు. రెండు గుర్రపునాడా అయస్కాంతాలు తీగల మీదుగా వంగి ఉంటాయి, తీగల కింద ఒక్కొక్క తీగకు ఒక్కొక్క ఇనుప ధ్రువమూ, వాటి చుట్టూ రాగితీగ చుట్టా ఉంటాయి. ఉక్కు తీగ కంపించగానే అయస్కాంత క్షేత్రం మారి, చుట్టలో విద్యుత్తు పుడుతుంది. గిటారు బోలుగా ఉండవలసిన అవసరం అక్కడితో తీరిపోయింది. 1931లో హ్యారీ వాట్సన్ మేపుల్ చెక్కతో తొలి నమూనా చెక్కారు, ఆ తరువాత అల్యూమినియం పోత మొదలైంది.

పేటెంటు మాత్రం 1937 ఆగస్టులో గాని చేతికి రాలేదు. ఈలోగా ఇతరులు ఊరుకోలేదు. మరో గిటారు సంస్థ గిబ్సన్ 1936లోనే తన ఎలక్ట్రిక్ గిటారును వేరే రకం పికప్పుతో అమ్మడం మొదలుపెట్టింది. మొదట వచ్చిన సంస్థే అతి పెద్ద సంస్థ కాలేకపోవడానికి ఈ ఆలస్యం ఒక కారణమని నా అభిప్రాయం. అల్యూమినియంతో మరొక చిక్కు కూడా ఉండేది: వేదిక మీది దీపాల వేడికి లోహం వ్యాకోచించి శ్రుతి తప్పేది. 1935 నుంచి బేకలైట్‌తో (తొలినాటి ప్లాస్టిక్‌తో) చేసిన నమూనా రావడం వెనుక ఈ ఇబ్బంది కూడా ఉన్నది.

జవాబు 2: మేపుల్‌చెక్క

పై జవాబుకు కొనసాగింపుగా రెండవ దశ గురించి రాస్తున్నాను. 1953లో అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ నుంచి సంస్థను ఎఫ్. సి. హాల్ కొన్నారు. అంతవరకు ఫెండర్ అనే మరో గిటారు సంస్థ వాద్యాలను పంపిణీ చేసిన అనుభవం ఉండటంతో, ఇక మీదట అమ్ముడుపోయేది ఒళ్లో పెట్టుకునే వాద్యం కాదని ఆయనకు తెలుసు. 1954లో ఆయన దగ్గర చేరిన జర్మన్ పనివాడు రోజర్ రాస్‌మైజల్ మీరు అడిగిన ఆకారాలకు కర్త. ఆయన తండ్రి వెంట్సెల్ జర్మనీలో పేరున్న గిటారు నిర్మాత, తన గిటార్లకు కొడుకు పేరే పెట్టుకున్నవారు. పైచెక్క అంచు చుట్టూ గాడిలా లోతుగా చెక్కే పద్ధతి ఆ ఇంటి నుంచే వచ్చింది. రికెన్‌బ్యాకర్ 381లో దాన్ని స్పష్టంగా చూడవచ్చు.

1958లో వచ్చిన 300 వరుస నిర్మాణమే వేరు. సాధారణంగా బోలు గిటారును పైచెక్క, అడుగుచెక్క, పక్కలు విడివిడిగా చేసి అతికిస్తారు. రాస్‌మైజల్ మాత్రం చెక్క దిమ్మెను వెనుకవైపు నుంచి తొలిచి, లోపల ఖాళీ చేసి, ఆ పైన వెనుక పలకను అతికించారు. అందువల్ల బోలు గిటారు తేలికదనం వస్తూనే, పైచెక్కకూ పక్కలకూ మధ్య అతుకు లేకుండా పోయింది. 1960లో జాన్ లెనన్ హాంబర్గ్‌లో కొన్న పొట్టి నెక్ 325 కూడా ఈ వరుసలోదే.

1957 నాటి 4000 బేస్ గిటారు నాకు అన్నిటికన్నా ధైర్యమైన రూపకల్పనగా అనిపిస్తుంది. దాని నెక్ బాడీకి అతికించినది కాదు; తల (బిరడాలు ఉండే పైభాగం) నుంచి బాడీ చివరిదాకా అదే చెక్క సాగి, రెండు పక్కలా రెక్కలు మాత్రం అతికి ఉంటాయి. తంత్రీప్రియ గారి ప్రశ్నకు అసలు జవాబు కూడా ఇక్కడే ఉన్నది: ఈ బేస్‌లో బిగించినది బీచమ్ గుర్రపునాడా పికప్పే. 1965లో పాల్ మెకార్ట్నీకి అందిన 4001ఎస్‌లోనూ అదే కనిపిస్తుంది. మీటే చేతికి అడ్డు వస్తుందన్న మాట నిజమే అయినా, ముప్పై ఏళ్లు దాటినా సంస్థ దాన్ని వదులుకోలేదు.

జవాబు 3: జంటతీగ

మేపుల్‌చెక్క గారు చెప్పినదంతా సరైనదే గాని, రాస్‌మైజల్ 1962లో ఫెండర్‌కు వెళ్లిపోయారన్న సంగతి మరవకూడదు. పన్నెండు తీగల 360 రూపొందినది 1963లో. బాడీ ఆయనదే అయినా, ఆ వాద్యాన్ని సాధ్యం చేసిన తల ఆయనది కాదు. చెక్కపని విభాగంలోని డిక్ బర్క్‌ది. పన్నెండు బిరడాలను వరుసగా బిగిస్తే తల పొడవై వాద్యం ముందుకు ఒరుగుతుంది. బర్క్ ఆరింటిని మామూలుగా పక్కలకు, మిగిలిన ఆరింటిని గాడుల్లోంచి వెనుకకు తిప్పి బిగించి, తల పొడవు పెరగకుండా చూశారు.

మోత విషయానికి వస్తే, పికప్పులకూ చెక్కకూ ఇచ్చినంత గుర్తింపు తీగల వరుసకు ఇవ్వకపోవడం అన్యాయం. మామూలు పన్నెండు తీగల గిటారులో పైనుంచి కిందికి మీటినప్పుడు, కింది స్థాయి నాలుగు జంటల్లోనూ ముందుగా సన్నని తారస్థాయి తీగ మోగుతుంది. రికెన్‌బ్యాకర్ ఈ క్రమాన్ని తిరగేసింది కాబట్టి అసలు స్వరం ముందు పలికి, తారస్వరం దాని వెంట మెరుస్తుంది. దీనికి తోడు ఆనాటి 'టోస్టర్' అనే రకం పికప్పులు బలం తక్కువగా, తేట ఎక్కువగా ఉండేవి. జార్జ్ హారిసన్‌కు 1964 ఫిబ్రవరిలో న్యూయార్కులో అందినది ఈ నమూనాలో రెండవ వాద్యం. అదే ఏడు వచ్చిన బీటిల్స్ సినిమాలో దాన్ని చూసి, బర్డ్స్ బృందపు రోజర్ మగ్విన్ కూడా ఒకటి సంపాదించారు. అయితే మగ్విన్ రికార్డుల్లో వినిపించే నిలకడైన నాదంలో స్టూడియోలో గట్టిగా వాడిన కంప్రెషన్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడాను తగ్గించే ప్రక్రియ) పాత్ర చాలా ఉన్నది. ఆ ఘనతంతా గిటారుదే అనడం సరికాదు.

తంత్రీప్రియ

అందరికీ కృతజ్ఞతలు. జంటతీగ గారూ, అదే గిటారుకు తీగలను మామూలు క్రమంలో మార్చి బిగించి, తేడా వినడం సాధ్యమేనా?

జంటతీగ

సాధ్యమే గాని, బిరడాల పక్కన ఉండే నట్‌ను (తీగలు ఆనే గాడుల చిన్న పట్టీని) మార్చవలసి వస్తుంది. దాని గాడులు తీగల మందాన్ని బట్టి కోసి ఉంటాయి. సన్నని తీగ గాడిలో లావు తీగ కూర్చోదు, లావు తీగ గాడిలో సన్నని తీగ పక్కలకు కదిలి జరజరమంటుంది. అసలు నట్‌ను కోయకుండా దాచిపెట్టి, మరొక నట్ చేయించి ప్రయత్నించండి.