పాత ఇటుక నేల మీద తెల్లపొడి పోవడం లేదు, యాసిడ్ పోయించాలా?

పాతగడప:
మా తాతల నాటి ఇంట్లో నడవా అంతా ఇటుక నేలే. పైన నల్లటి జిడ్డు. ఎప్పుడో ఎవరో వేసిన వార్నిష్ పొరలుగా లేస్తోంది. తడిగుడ్డతో తుడిస్తే బాగానే కనిపిస్తుంది, ఆరగానే మళ్లీ తెల్లపొడి. గోడ పక్కనున్న ఇటుకల్ని గోటితో గీకితే పిండిలా రాలుతున్నాయి. యాసిడ్‌తో కడిగి, దర్జుల్లో, అంటే ఇటుకల మధ్య సందుల్లో, సిమెంట్ నింపేద్దామని మేస్త్రీ అంటున్నాడు. సరేననాలా?

ఎర్రమట్టి:
అనకండి. ఆ రెండూ చేయించి అనుభవిస్తున్నవాణ్ణి నేను. యాసిడ్ పోసిన రోజు నేల కొత్తదానిలా ఉంది, మురిసిపోయాను. కానీ అది మురికితో పాటు దర్జుల్లోని సున్నాన్నీ తినేసింది. పైగా ఆ సున్నంతో కలిసి తయారయ్యే ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నేల ఆరడమే మానేసింది.

సిమెంట్ కథ ఇంకా ఘోరం. పాత ఇటుక మెత్తన. కింద మట్టిలోంచి ఉప్పును మోసుకొచ్చే చెమ్మ సున్నపు దర్జుల గుండా బయటికి పోతుంది. ఆ దారి మూసేస్తే ఇటుకలోంచే పోవాలి. అప్పుడు ఉప్పు ఇటుక పైపొర కిందే గడ్డకట్టి పెచ్చులు లేపుతుంది. తర్వాత సిమెంట్ తవ్విస్తుంటే ఇటుకల అంచులు కూడా ఊడొచ్చాయి.

మీ తెల్లపొడి చెమ్మతో పైకొచ్చిన ఉప్పే. నీళ్లు తగిలితే కరిగి మళ్లీ లోపలికి పోతుంది కాబట్టి పొడి బ్రష్‌తో ఊడ్చి ఎత్తేయండి, అంతే. జిడ్డుకు గోరువెచ్చటి నీళ్లు, ఘాటు లేని సబ్బు, నైలాన్ బ్రష్ చాలు. కొంచెం కొంచెంగా రుద్ది వెంటనే తుడిచేయాలి. వైర్ బ్రష్ వద్దు. దర్జులకు ఒక వంతు సున్నం, మూడు వంతుల ఇసుక. నింపాక కొన్నాళ్లు తడిగోనె కప్పి ఉంచండి, తొందరగా ఆరితే పొడైపోతుంది.

రాలుతున్న ఇటుకల్ని పారేయకండి. మెల్లగా లేపి తిరగేసి పెట్టండి. అడుగు ముఖం అరగలేదు కదా! నేను పదకొండు అలా తిప్పాను. రెండు విరిగాయి, అది నా తొందర.

చెమ్మగోడ:
ప్రెషర్ వాషర్ కూడా వద్దు, కాలిన గట్టి పైపొర లేచిపోతుంది. మీ వార్నిష్ చెమ్మను లోపల బిగించినట్టుంది. చెమ్మ ఎక్కడ వస్తోందో తెలియాలంటే, నేల మీద ప్లాస్టిక్ ముక్క నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రోజు చూడండి. శుభ్రం చేశాక అవిసె నూనె రాస్తే రంగు బాగుంటుంది.

ఎర్రమట్టి:
నూనె దగ్గర మాత్రం ఒప్పుకోను. నల్లబడుతుంది, దుమ్ము పడుతుంది. ఏమీ రాయకుండా వదిలేయడమే నయం.

పాతగడప:
రెండు చోట్ల ప్లాస్టిక్ అతికించాను. నడవా మధ్యలో పొడిగా ఉంది, గోడ పక్కన మాత్రం నీటి బొట్లు. బయటికెళ్లి చూస్తే వాన నీటి గొట్టం పగిలి సరిగ్గా ఆ గోడ మొదట్లోనే కారుతోంది. ముందు గొట్టం మార్చమని మేస్త్రీకి చెప్పాను. ఇటుకలు తిరగేద్దామంటే నవ్వాడు గానీ, మొదటిది లేపి చూసి నోరు మూసుకున్నాడు.