అడ్డంగా మొలిచిన జ్ఞానదంతం: నొప్పి తగ్గాక కూడా తీయించాలా?

పెన్నాగట్టు (కావలి)
మా తమ్ముడికి 23 ఏళ్లు. కింద ఎడమవైపు జ్ఞానదంతం సగమే బయటికొచ్చింది. ఈ ఏడాది రెండుసార్లు దాని మీది చిగురు వాచి నోరు తెరవలేకపోయాడు. బిళ్లలేసుకుంటే తగ్గింది, ఇప్పుడు నొప్పి లేదు. డాక్టరేమో నాలుగూ తీసేద్దామంటున్నారు. కింది పన్ను తీస్తే నరం తెగి మూతి వంకర పోతుందని ఇంట్లో భయం. ఏం చేయమంటారు?

ఒంగోలు పళ్లడాక్టరు
ఆ పన్ను మీద చిగురు మూతలా కప్పుకుని ఉంటుంది. దాని కింద అన్నం మెతుకులు చేరి కుళ్లుతాయి, అక్కడికి బ్రష్ అందదు. బిళ్లలు చీమును తగ్గిస్తాయే గానీ ఆ సందును పూడ్చవు, అందుకే మళ్లీ వస్తుంది. జబ్బులేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్తకని తీయొద్దని బ్రిటన్‌లో ఏ చికిత్స ఎప్పుడు చేయాలో సూచించే నైస్ సంస్థ 2000లోనే చెప్పింది. మొదటిసారి వాపు మరీ తీవ్రంగా లేకపోతే ఆగొచ్చు, రెండోసారి వస్తే తీయడం ఆలోచించాలని కూడా అందులోనే ఉంది. మీ తమ్ముడిది రెండో రకం. ఆ ఒక్కటీ తీయించండి. మిగతా మూడింటికి కారణం ఏమిటో ఎక్స్‌రేలో చూపించమని అడగండి.

మూతి వంకర మాట వదిలేయండి. కింది దవడలో పోయే నరం స్పర్శకు సంబంధించినది, ముఖాన్ని కదిపేది కాదు. అది నలిగితే కింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కుతాయి. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది, అరుదుగా ఉండిపోతుంది.

దవడ_ఎముక (నెల్లూరు, ఓరల్ సర్జరీ)
ముందు ఓపీజీ అనే ఎక్స్‌రే తీయించండి, దవడ మొత్తం ఒకే ఫిల్ములో పడుతుంది. నరం కాలువ రెండు తెల్ల గీతల్లా కనిపిస్తుంది. వేరు మీదికి వచ్చేసరికి ఆ గీత తెగినా, కాలువ వంగినా, వేరు అక్కడ నల్లబడినా నరం బాగా దగ్గరగా ఉందని అనుమానించాలి. అప్పుడు దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ అవసరం. మరీ అంటుకుని ఉంటే పైభాగం మాత్రం కోసి, వేళ్లు అక్కడే వదిలేసే పద్ధతి కూడా ఉంది.

ఇంకోటి, పక్క దవడపన్ను వెనకవైపు చూడమనండి. జ్ఞానదంతం ముందుకు వాలి ఉంటే ఆ సందులో పుచ్చు పడుతుంది. నొప్పి తెలిసేలోపు మంచి పన్ను పాడైపోతుంది. నన్నడిగితే వాపుకన్నా ఇదే పెద్ద కారణం.

పెన్నాగట్టు
పైవాటి సంగతేందన్నా?

దవడ_ఎముక
తిన్నగా వచ్చి, బ్రష్ అందుతుంటే వాటి జోలికి పోవద్దు. ఎడమవైపు పైపన్ను కింది చిగురును కొరుకుతుంటే మాత్రం దాన్నీ తీయాలి. ఒక్కోసారి అది తీస్తేనే కింది వాపు సద్దుమణుగుతుంది.

ఒంగోలు పళ్లడాక్టరు
తీశాక: దూదిగుడ్డ అరగంట నుంచి ముక్కాలు గంట గట్టిగా కరిచిపట్టాలి. 24 గంటలు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు. గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడిందంటే మూడో రోజుకల్లా చెవిదాకా పోటు పెడుతుంది. దాన్నే డ్రై సాకెట్ అంటాం. సిగరెట్ తాగేవాళ్లలో ఇది ఎక్కువ. బుగ్గ మీద ఐసు పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు తీయండి. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి భోజనం తర్వాత మెల్లగా పుక్కిలించాలి. వాపు రెండు మూడు రోజులు పెరిగి తర్వాత దిగుతుంది, భయపడకండి. కారం, వేడి వద్దు. పెరుగన్నం, చల్లారిన జావ చాలు. చేపల పులుసు వారం ఆగితే మంచిది, ముల్లు గుంతలో ఇరుక్కుంటే అదో తలనొప్పి. లవంగనూనె నేరుగా పోయొద్దు, చిగురు కాలుతుంది.

వాచి ఉన్నప్పుడు తీయించడానికి తొందరపడొద్దు. ముందు చీము తగ్గాలి, ఆ మంటలో మత్తు సూది సరిగా పట్టదు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాసిస్తే, అది వాడినన్నాళ్లు మద్యం ముట్టనివ్వొద్దు. రక్తం పలచబడే బిళ్లలు వాడుతుంటే, షుగర్ ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి. దవడ కింద మెడవైపు గట్టిగా వాచినా, మింగడం, గాలి పీల్చడం కష్టమైనా రాత్రి అని చూడకుండా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.