అప్‌డేట్: ఉదయగిరి దుర్గంపై అన్న గుర్తుగా రాయి పెట్టొచ్చా?

హిమాలయాల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయిన మా ట్రెక్కింగ్ అన్న గుర్తుగా దుర్గంపై రాయి పెట్టొచ్చా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. కొండమీద ఏదీ పాతకూడదని అటవీ సిబ్బంది చెప్పేశారు. అక్కడ కట్టాలనుకున్న ఫ్లెక్సీ సైజు మీద మేం పడ్డ గొడవంతా దండగ.

‘ఆయన నడిచినట్టే నడవండి’ అన్న సలహానే పనికొచ్చింది. ఎండెక్కేలోపు 1514లో కృష్ణదేవరాయలు గెలిచిన ఆ కోట గోడల దగ్గరికి చేరాం. ఆయాసపడేవాళ్ల కోసం అన్న ఎప్పుడూ అందరికన్నా వెనక నడిచేవాడు. ఈసారి వెనక ఎవరూ లేరు, అయినా మలుపు మలుపుకీ ఆగాం. అన్న వాళ్లమ్మ కట్టిచ్చిన పెరుగన్నం పైన తిన్నాం. దిగేటప్పుడు రెండు గోతాల ప్లాస్టిక్ సీసాలు ఏరుకొచ్చాం.

డాక్టర్ చెప్పింది: ఇలా ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఎక్కువగా 2,500 మీటర్ల ఎత్తు దాటాక వస్తుంది. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే తెల్లారనిద్దాం అనుకోకుండా వెంటనే కిందకి దింపాలి.