‘ఫౌలింగ్’కి తెలుగు మాట: చిలుమా, మసా, అంటా?

రైఫిల్ క్లబ్బులో కొత్తగా చేరిన పిల్లల కోసం తుపాకీ శుభ్రం చేసే పద్ధతి తెలుగులో రాస్తున్నాను. ‘ఫౌలింగ్’ దగ్గర ఆగిపోయాను. కాల్చినప్పుడల్లా గొట్టం లోపల మిగిలిపోయేదంతా ఇంగ్లీషులో ఈ ఒక్క మాటే. మొదట ‘చిలుము’ అని రాసి, వారం తర్వాత కొట్టేశాను.

పెద్ద రైఫిల్ తూటాకి రాగి తొడుగు ఉంటుంది. గొట్టం లోపలి గాడులను ఒరుసుకుంటూ పోతుంటే ఆ రాగి పల్చగా అక్కడే అతుక్కుంటుంది. రాగి అనగానే చిలుము, చిలుము అనగానే చింతపండు గుర్తొచ్చాయి. ఇంట్లో ఉన్నవేమైనా పనికొస్తాయా చూద్దామని, తుపాకీ జోలికి పోకుండా రెండు రాగి వైరు ముక్కలు తీసుకుని, ఒకటి చింతపండు గుజ్జులో, ఇంకొకటి అమోనియా నీళ్లలో రాత్రంతా ఉంచాను. పొద్దున చూస్తే చింతపండులోది పండక్కి తోమిన చెంబులా మెరుస్తోంది, కానీ వైరు వైరులాగే ఉంది. అమోనియా సీసాలో మాత్రం నీళ్లు నీలంగా తిరిగాయి. అంటే రాగే కరుగుతోంది.

మాట తేలింది కూడా అక్కడే. చిలుము గాలికి, తేమకి లోహం మీద పుట్టేది. చింతపండు పులుపు దాన్ని వదిలిస్తుంది, కింది రాగిని కాదు. గొట్టంలో ఉన్నది అక్కడ పుట్టలేదు. తూటా నుంచి వచ్చి పట్టుకున్న అసలు రాగి. ‘తుప్పు’ అందామంటే అది గొట్టం ఇనుముకే పట్టేది. ‘మసి’ తుపాకీమందు కాలగా మిగిలినదానికి సరిపోతుంది, రాగికి సరిపోదు.

నాకు ‘అంటు’ బాగుందనిపిస్తోంది. అన్నం మెతుకు, పులుసు అంటుకున్న గిన్నెల్ని అంట్లు అంటాం. అంటుమామిడిలో ఒక చెట్టు కొమ్మ ఇంకో చెట్టుకి అతుకుతుంది. ఒకదానిది ఇంకొకదానికి పట్టుకోవడమే కదా ఇది? మీరేమంటారు?

జవాబు: అన్నా, మేము ఎన్‌సీసీలో .22 అనే చిన్న రైఫిల్‌కి పుల్‌త్రూలో (గొట్టంలోంచి లాగే తాడు) చిందీ, అంటే గుడ్డ ముక్క, పెట్టి లాగి, ‘మసి పోయిందా’ అనే అడిగేవాళ్లం. ఒకసారి అమోనియా పెట్టి చూశాను, చిందీ నీలంగానే వచ్చింది. మరి అందులో రాగి ఉన్నట్టేగా?

నా జవాబు: తమ్ముడూ, .22లో మామూలుగా వాడేది సీసం తూటా. పైన మైనమో గ్రీజో ఉంటుంది, రాగి తొడుగు ఉండదు. ఆ నీలం ఇత్తడి బ్రష్‌దో, పుల్‌త్రూ చివరి ఇత్తడి బరువుదో అయి ఉంటుంది. ఇత్తడిలో రాగే ఎక్కువ, అమోనియా దాన్నీ కరిగిస్తుంది. నైలాన్ బ్రష్ పెట్టి చూస్తే తేలిపోతుంది. ఇంకో మాట, సీసం పోతుందని కొందరు వెనిగర్‌లో పెరాక్సైడ్ కలిపి పోస్తారు. సీసం కరుగుతుంది నిజమే, కానీ మిగిలే నీళ్లు సీసం విషం, గొట్టం ఇనుముకీ మంచిది కాదు. దయచేసి ఎవరూ చేయొద్దు. బాత్రూమ్ యాసిడ్ అసలే వద్దు, ఇనుమునే తినేస్తుంది. అమోనియాని బ్లీచింగ్‌తో కలిపితే వచ్చే పొగ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది.

జవాబు: అండీ, ‘అంటు’ మాటతో నాకు ఇబ్బంది ఉంది. మా తాతని ‘అంటు’ అని బావి దగ్గరికి రానివ్వలేదు. పిల్లలు చదివే కాగితంలో ‘అంటు వదిలించండి’ అని కనిపిస్తే నాకు ముందు అదే గుర్తొస్తుంది.

నా జవాబు: అమ్మా, నేను వంటింటి వైపు నుంచే చూశాను, బావి వైపు నుంచి చూడలేదు. మీరు చెప్పాక ఆ వాక్యం అలా ఉంచలేను. ‘అంటు’ అని నామవాచకంగా రాయను, క్రియగానే రాస్తాను. కాగితంలో ఇప్పుడు ఇలా మార్చాను: ‘గొట్టానికి అంటుకున్న రాగిని అమోనియా మందుతో కరిగించండి. చిందీ నీలం రాకుండా తెల్లగా వచ్చేదాకా తుడవండి. మందు లోపల ఉండిపోకుండా పొడి గుడ్డతో తుడిచి, నూనె రాయండి.’ ఇది మీకు సమ్మతమైతే రేపు ప్రింటుకి ఇస్తాను.