ఇంటర్‌కం బాక్సులో ఎక్స్‌టెన్షన్ కార్డు మనమే వేసుకోవచ్చా, టెక్నీషియన్ రావాల్సిందేనా?

బ్రాడీపేట అకౌంట్స్:
మాది గుంటూరు బ్రాడీపేటలో ట్యాక్స్ ఆఫీసు. ఇంటర్‌కం బాక్సు పానాసోనిక్ టీఈఎస్ 824. 3 బీఎస్ఎన్ఎల్ లైన్లు, 8 ఎక్స్‌టెన్షన్లు (ఆఫీసు లోపలి ఫోన్లు), అన్నీ నిండిపోయాయి. ఈమధ్య పై పోర్షన్ కూడా తీసుకున్నాం కాబట్టి 8 పోర్టుల ఎక్స్‌టెన్షన్ కార్డు తెప్పించాం. ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) గడువు అయిపోయింది. పాత టెక్నీషియన్‌కి ఫోన్ చేస్తే, కార్డు బయట కొన్నారు కాబట్టి వేయడానికి 3,500 అవుతుందన్నాడు. మాన్యువల్ చూస్తే పని చిన్నదిగానే ఉంది. కరెంటు తీసి, కవర్ విప్పి, స్లాట్‌లో కార్డు నొక్కి, స్క్రూలు బిగించాలి. నేను వేసేస్తానంటే మా సార్ ఒప్పుకోవడం లేదు. రిటర్నుల సీజన్‌లో ఫోన్లు మూగబోతే క్లయింట్లకు ఎవరు జవాబు చెబుతారని ఆయన టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బెంజ్ సర్కిల్ సిస్టమ్స్:
నిశ్చింతగా వేసుకోండి బ్రదర్. విజయవాడలో కొన్ని ఆఫీసుల సిస్టమ్స్ నేను చూస్తాను, ఇంటర్‌కం కార్డులు కూడా నేనే వేస్తాను. కంప్యూటర్‌లో ర్యామ్ వేసినట్టే. స్విచ్ ఆపి ఊరుకోకుండా ప్లగ్ కూడా పీకేయండి. బ్యాకప్ బ్యాటరీ ఉంటే దాని వైరూ తీసేయండి. కార్డుని కవర్లోంచి తీసే ముందు ఎర్త్ ఉన్న లోహాన్ని చేత్తో ముట్టుకోండి. కార్డు అంచులే పట్టుకోవాలి, చిప్పుల మీద వేళ్లు పడకూడదు. కనెక్టర్ రెండు చివర్లా సమానంగా నొక్కండి, సగం కూర్చున్న కార్డుతో కరెంటు ఇవ్వకండి. స్క్రూలు వదిలేయొద్దు, తర్వాత వైర్లు గుచ్చేటప్పుడు కార్డు కదిలిపోతుంది. పది నిమిషాల పనికి 3,500 తీసుకోవడం అన్యాయం.

క్రోన్ టూల్:
గవర్నర్‌పేటలో మాది ఇదే వృత్తి కాబట్టి నా మాట కూడా వినండి. ర్యామ్ పోలిక దగ్గరే నాకు పేచీ. ర్యామ్ కంప్యూటర్ డబ్బాలోనే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ కార్డు తీగలు గోడలు దాటి, మెట్లెక్కి, ఒక్కోచోట వీధి దాటి ఎదురు బిల్డింగ్‌కి పోతాయి. కార్డు నొక్కడం పది నిమిషాలే, కాదనను. ఆ తర్వాత ఎనిమిది జతలు ఏరుకుని, క్రోన్‌లో (తీగల జతలు బిగించే పట్టీలో) కొట్టి, ఏ జత ఏ టేబుల్‌కి పోయిందో రాసి, నంబర్లు ప్రోగ్రాం చేసి, ప్రతి ఫోనూ మోగించి చూడాలి. మీరు డబ్బు ఇచ్చేది దానికి.

ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు సంగతి చెబుతాను. వాళ్ల కుర్రాడే కార్డు వేశాడు, చక్కగా కూర్చుంది. తెలుపు-నీలం, తెలుపు-నారింజ, తెలుపు-ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, తెలుపు-బూడిద... ఐదు జతలూ వరుసగానే పట్టుకున్నాడు. తెలుపు జతలు అయిపోయి ఎరుపు గ్రూపు మొదలయ్యేసరికి తడబడి, పక్క క్రోన్‌లోని బీఎస్ఎన్ఎల్ జత తెచ్చి ఎక్స్‌టెన్షన్ పోర్టుకి కలిపాడు. ఆ లైనులో 48 వోల్టుల డీసీ ఎప్పుడూ ఉంటుంది, కాల్ వచ్చినప్పుడు దాని మీద 75 వోల్టుల దాకా ఏసీ రింగు వస్తుంది. ఎక్స్‌టెన్షన్ పోర్టు తన కరెంటు తాను బయటికి పంపేది, ఇంకొకరి రింగు లోపలికి తీసుకునేది కాదు. బయటి నుంచి మొదటి కాల్ రాగానే పోర్టు కాలిపోయింది. నేను వెళ్లేసరికి కార్డు మీద నల్లటి మచ్చ, కవర్ తీస్తే మాడిన వాసన. కొత్త కార్డు ఎంతో మీకు తెలుసు కదా.

మిర్చి యార్డు గుమస్తా:
క్రోన్ టూల్ గారూ, మీరు చెప్పినట్టు చేసే మనిషి దొరికితే డబ్బు ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు. మా కమిషన్ కొట్టుకి వచ్చినవాళ్లు కార్డు గుచ్చి, రెండు ఫోన్లు మోగించి వెళ్లిపోయారు. క్రోన్ మీద ఒక్క లేబుల్ లేదు. యార్డు పక్కన మిరప ధూళి సంగతి గుంటూరు వాళ్లకి చెప్పనక్కర్లేదు, బాక్సు లోపల ఎర్రగా పేరుకుపోయి ఉంటే తుడవను కూడా లేదు. ప్రోగ్రామింగ్ పాస్‌వర్డ్ మార్చేసి మాకు చెప్పకుండా వెళ్లారు. ఇప్పుడు ఒక ఎక్స్‌టెన్షన్‌కి ఎస్టీడీ ఆపాలన్నా వాళ్లనే పిలవాలి. బాక్సు మాది, బిల్లు మాది, పాస్‌వర్డ్ వాళ్లది! కస్టమర్ తనంతట తాను వేసుకుంటానని ఎందుకు పట్టుబడతాడో ఇక్కడ అర్థమవుతుంది.

క్రోన్ టూల్:
అన్నగారూ, పాస్‌వర్డ్ దాచడం తప్పే. వృత్తిలో ఉన్నవాడిగా నాకే బాధగా ఉంటుంది. పని అయ్యాక పాస్‌వర్డ్, జతల లిస్టు కాగితం మీద రాసి బాక్సు తలుపు లోపల అంటించాలి. అలా చేయనివాడికి పూర్తి డబ్బు ఇవ్వకండి.

రిటైర్డ్ ఎక్స్‌చేంజ్:
టెలిఫోన్ శాఖలో చేసి రిటైరయ్యాను. మీరందరూ కార్డు గురించే మాట్లాడుతున్నారు, ఆఫీసు ఎర్త్ బాగుందా లేదా అని ఒక్కరూ ఎత్తలేదు. గుంటూరు, నరసరావుపేట వైపు నల్లరేగడి నేల. ఎండాకాలంలో బీటలు తీసి ఎర్త్ రాడ్డుని వదిలేస్తుంది. గుంటలో నీళ్లు పోసేవాళ్లు లేక ఎర్త్ పేరుకే మిగులుతుంది. మే నెలలో ఈదురుగాలి వాన, ఉరుము, మెరుపు ఒకేసారి వస్తాయి. మెరుపు ఎక్కడో పడినా పొడవాటి టెలిఫోన్ తీగలో సర్జ్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ) పుడుతుంది. క్రోన్ మీద జీడీటీ మాడ్యూల్స్ (సర్జ్‌ని ఎర్త్‌లోకి మళ్లించేవి) పెట్టినా ఎర్త్ లేకపోతే ఆ సర్జ్ పోవడానికి దారి ఉండదు, కార్డులోకే వస్తుంది. కార్డు వేసే ముందు మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూడండి. రెండు మూడు వోల్టులు దాటితే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఉరుములు వినిపించేటప్పుడు మాత్రం తీగ ముట్టుకోవద్దు.

ఇంకొకటి. బాక్సు పాతదైతే ప్రోగ్రాంని నిలిపే లోపలి లిథియం బ్యాటరీ నీరసించి ఉండొచ్చు. కరెంటు తీసిన మరుక్షణం ఇన్నేళ్ల ప్రోగ్రామింగ్ పోతుంది. ఆపే ముందే కంప్యూటర్‌లోకి బ్యాకప్ తీసుకోండి, లేదా ఏ ఎక్స్‌టెన్షన్‌కి ఏ సౌకర్యం ఉందో రాసుకోండి.

కొత్తపేట నర్సింగ్ హోమ్:
మాకు కరెంటు ఆపడమే కుదరదు. క్యాజువాలిటీ, ఐసీయూ, బ్లడ్ బ్యాంకు, అన్నీ ఇంటర్‌కం మీదే. బాక్సు నడుస్తుండగా కార్డు వేయొచ్చని ఒకరు అంటున్నారు, నిజమేనా?

బెంజ్ సర్కిల్ సిస్టమ్స్:
మేడమ్, కరెంటు ఉండగా మార్చుకునే కార్డులు పెద్ద ర్యాక్ సిస్టమ్స్‌లో కొన్నింటికి ఉంటాయి. అది మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉండాలి. గోడకి బిగించే చిన్న బాక్సుల్లో ఆ పని ఎప్పుడూ చేయకండి, కార్డుతో పాటు మదర్‌బోర్డు కూడా పోవచ్చు. ఓపీ లేని ఆదివారం తెల్లవారుజామున పెట్టుకోండి. చాలా బాక్సుల్లో కరెంటు పోతే ఒక ట్రంక్ లైను (బయటి నుంచి వచ్చే లైను) నేరుగా ఒక ఎక్స్‌టెన్షన్‌కి కలిసిపోతుంది. అది క్యాజువాలిటీ టేబుల్ మీద ఉండేలా ముందే చూసుకుంటే బయటి కాల్ తప్పిపోదు. ఆ గంటసేపు వార్డులకు మొబైల్ నంబర్లు ఇవ్వండి.

ఎర్త్ మాట నేను ఒప్పుకుంటాను రిటైర్డ్ సార్. కానీ అది కార్డు వేసినా వేయకపోయినా చూడాల్సిందే కదా. దాన్ని చూపించి మనమే వేసుకోకూడదంటే నేను ఒప్పుకోను.

కృష్ణలంక కుర్రాడు:
మన ఊళ్లో ఉక్కపోతకి స్టాటిక్ (ఒంటి మీద చేరే కరెంటు) ఎక్కడిదండీ? ఆ లోహం ముట్టుకోవడాలు అవసరమా? అసలు ఈ పాత బాక్సుకి ఖర్చెందుకు, ఐపీ ఫోన్లు (నెట్ కేబుల్ మీద నడిచేవి) పెట్టేయొచ్చుగా.

రిటైర్డ్ ఎక్స్‌చేంజ్:
బాబూ, బాక్సు ఉండేది ఏసీ గదిలో. అక్కడ గాలి పొడిగా ఉంటుంది. చేతికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. చిప్పు దెబ్బతినడానికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. నీకు తెలియకుండానే కార్డు సగం చచ్చి, రెండు నెలల తర్వాత పోర్టులు ఒక్కొక్కటే డయల్ టోన్ మానేస్తాయి.

మిర్చి యార్డు గుమస్తా:
ఐపీ అంటే ప్రతి టేబుల్‌కీ నెట్ కేబుల్, స్విచ్, కొత్త ఫోన్లు. పానాసోనిక్ ఈ బాక్సుల వ్యాపారం నుంచి తప్పుకున్న మాట నిజమే, అయినా ఎనిమిది ఫోన్ల కోసం ఆఫీసంతా తవ్వుకోలేం.

బ్రాడీపేట అకౌంట్స్:
అందరికీ థాంక్స్. ఎర్త్ చూశాను, 7 వోల్టులు చూపిస్తోంది. ముందు ఎలక్ట్రీషియన్‌కి చెప్పాం. ప్రోగ్రాం మొత్తం కాగితం మీద రాసుకున్నాను. ఈ కార్డు పోర్టులు మామూలు ఫోన్లకే, ఆపరేటర్ టేబుల్ మీది బటన్ల కీ ఫోన్ వీటికి పనిచేయదని మాన్యువల్‌లో ఉంది, దాన్ని పాత పోర్టు మీదే ఉంచుతున్నాం. కార్డు నేను వేస్తాను, క్రోన్ పని మాత్రం టెక్నీషియన్‌తో చేయిద్దామని సార్‌కి చెప్పాను.

క్రోన్ టూల్:
సగం సగం పని నేనైతే తీసుకోను తమ్ముడూ. రేపు ఒక పోర్టు పలకకపోతే తప్పు కార్డుదా, కొట్టిన జతదా అని ఎవరు తేలుస్తారు?

బెంజ్ సర్కిల్ సిస్టమ్స్:
తేల్చడం కష్టమేం కాదు. కార్డు వేసి కరెంటు ఇచ్చాక, క్రోన్ జోలికి పోకముందే ఒక మామూలు ఫోన్ తీసుకుని ఎనిమిది పోర్టులకీ నేరుగా గుచ్చి చూడు బ్రదర్. ఎనిమిదింటిలోనూ డయల్ టోన్ వచ్చి, ఒకదాని నుంచి ఇంకోదానికి రింగు వెళ్తే కార్డు మంచిది. ఆ టెస్టు టెక్నీషియన్ కళ్లముందే చేయి.

క్రోన్ టూల్:
నా కళ్లముందు చేస్తే ఒప్పుకుంటాను. వచ్చేటప్పుడు నా టెస్టు ఫోనే తెస్తాను.